తొమ్మిది ఆదివారాల ధూళి

పోయిన ఆదివారం కరివేపాకు కోసం లిటిల్ ఇండియాలో ఒక కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన వెనక గోడకి చైనావాళ్ళ రోజువారీ క్యాలెండరు వేలాడుతోంది. రోజుకో పల్చటి కాగితం, మధ్యలో అరచెయ్యంత అంకె. ఆయన నాతో మాట్లాడుతూనే చెయ్యి చాచి నిన్నటి కాగితాన్ని చర్రుమని చింపి, ఉండచుట్టి బుట్టలో పడేశాడు. ఆ చప్పుడుకి నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. "అయ్యో, పారెయ్యకండి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఏం చెప్పను? నాకు తెలిసిన ఒక మనిషి గురుత్వాకర్షణ లెక్కలన్నీ ఆ కాగితాల వెనకవైపే చేసేవారు. దీపానికి ఎదురుగా పెడితే ఆయన సమీకరణాల మధ్యలోంచి పదిహేడో, ఇరవయ్యో తిరగబడి కనిపించేది. పేరు అప్పలస్వామి. బుకిట్ బటోక్‌లో మా పై అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవారు. పోయి రెండేళ్ళయింది.

ఆయన పరిచయం కూడా నాకు ఫిర్యాదుతోనే మొదలైంది. సింగపూర్ ఫ్లాట్లలో వంటగది కిటికీ బయట వెదురు కర్రలకి బట్టలు ఆరేసుకుంటాం. పై అంతస్తువాళ్ళు సరిగ్గా పిండకుండా ఆరేస్తే ఆ నీళ్ళు కిందివాళ్ళ బట్టల మీద కారతాయి. నేను అప్పటికి మూడు ఉత్తరాలు టౌన్ కౌన్సిల్‌కి రాశాను. తేదీలు, వేళలు, ఫోటోలతో సహా. ఒక్కో నకలు ఆయన తలుపు కిందినుంచి లోపలికి తోశాను. జవాబు రాలేదు. నాలుగోసారి ఆఫీసు చీర మీద మరక పడ్డాక, ఆ చీర చేత్తో పట్టుకుని మెట్లెక్కి తలుపు కొట్టాను. డెబ్బై దాటిన మనిషి, బనీను, గళ్ళ లుంగీ, చెవి వెనక పెన్సిలు.

"ఎవలమ్మా?"

"కింద ఫ్లాట్ అంకుల్. మీ బట్టల నీళ్ళు మా బట్టల మీద పడుతున్నాయని మూడుసార్లు రాశాను."

"అలామక్! ఆ లెటర్లు రాసినది నువ్వేనా?" ముఖం విప్పారింది. "బలేగ రాసినావమ్మా. పాయింట్లకి నంబర్లేసి, ఫోటోలెట్టి. కంపులైంటంటే ఇలగుండాలని మా అమ్మాయికి సూపించినాను."

దెబ్బలాడటానికి వచ్చినవాళ్ళకి ఇంతకంటే అవమానం ఉండదు. మణికట్టు అరిగిపోయిందనీ, గట్టిగా పిండలేకపోతున్నాననీ ఆయన చెబుతుంటే నేను వినడం లేదు. ఆయన వెనక భోజనాల బల్ల మీద నా చూపు నిలిచిపోయింది. క్యాలెండరు కాగితాలు దొంతర్లుగా ఉన్నాయి. పై కాగితం మీద ఉన్నవి వక్రత లెక్కలు. ఆ లెక్కల్ని నేను అయిదేళ్ళు నిద్రలో కూడా చూశాను. మళ్ళీ చూడకూడదని ఊరూ దేశమూ మారాను.

"అది తిరిగే ధూళి కదా అంకుల్?"

పెన్సిలు చెవి వెనకనుంచి చేతిలోకి వచ్చింది. "నీకెలగ తెలుసమ్మా?"

"నేను దాని మీదే పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. కొత్త పరిష్కారం కనుక్కున్నాను. మా గైడు సరిగ్గా చూడకుండానే కొట్టిపారేశాడు. మానేసి వచ్చేశాను."

"దుమ్ము తెలిసినోళ్ళు ఈ బ్లాకులో ఉన్నారా!" అని ఆయన తలుపు బార్లా తీశారు. "లతా, కోపి ఎట్టు. కూకోమ్మా, కూకో. సీర ఆ కుర్సీ మీదెయ్."

ఆయన ఈ దేశంలో ఆస్తి ఉన్నవాళ్ళ కుటుంబంలో పుట్టినవారు కాదు. తాత విశాఖ పక్కనుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చిన కూలీ. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు ఒక్కటే ఆయనకి వచ్చిన తెలుగు. చదవడం, రాయడం రాదు. పాలిటెక్నిక్ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. సాపేక్ష సిద్ధాంతం ఉద్యోగం మానాక లైబ్రరీ పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నదే. తోటల్లో పుట్టిన ఆ తెలుగులో, మధ్యలో మలయ్ మాటలతో, ఆయన నాలుగు కొలతల జగత్తు గురించి మాట్లాడుతుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది. తెనాలిలో చదువుకున్నదాన్ని కదా. ఆ నవ్వు ఆయన గమనించారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఏమీ అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఆ ధూళి గురించి కొంచెం చెప్పాలి. ఈ లెక్కల్లో ధూళి అంటే ఒకదాన్నొకటి నెట్టుకోని కణాల గుంపు. వాటి మధ్య ఒత్తిడి ఉండదు. ఒక్క గురుత్వాకర్షణే ఉంటుంది. ఊరికే వదిలేస్తే అంతా ఒకచోటికి కూలిపోతుంది. గుంపంతా ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంటే ఆ తిరుగుడు కూలడాన్ని ఆపుతుంది. అంతులేని స్తంభంలా తిరిగే ఆ ధూళి తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ ఎలా వంచుతుందో ఉజ్జాయింపు లేకుండా, కంప్యూటర్‌ని అడగకుండా, నాలుగు వరసల్లో పూర్తిగా రాయొచ్చు. అలాంటివి ఆ సిద్ధాంతంలో బహు కొద్ది. వాటిని ఖచ్చితమైన పరిష్కారాలంటారు. ఇందులో వింతలు కూడా ఉన్నాయి. ఇరుసు దగ్గర పల్చగా ఉండే ధూళి బయటికి పోయేకొద్దీ చిక్కబడుతుంది. కొంత దూరం దాటాక, ఇరుసు చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తే బయలుదేరిన క్షణం కంటే వెనకటి క్షణానికే చేరుకునే దారులున్నాయి.

ఆ స్తంభం మనకంటే ముందే పెద్దలు కనుక్కున్నారు. వాళ్ళ దాంట్లో ఉన్న స్థిరాంకం ఒక్కటే, ధూళి ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పేది. నాకు వచ్చిన దాంట్లో రెండున్నాయి. ఆ రెండోదానికి ఒమేగా అని పేరు పెట్టాను. అది నా ధూళి సాంద్రతలో కూడా కనిపించింది. అంటే ఇది వేరే ధూళి, ఎవరూ చూడనిది, నాది. ఆ ఒక్క అక్షరం కోసం రెండేళ్ళు ఖర్చుపెట్టాను. మా గైడు గదికి ముప్పై నాలుగు పేజీలు తీసుకెళ్ళిన రోజు ఆయన అరటిపండు తింటున్నారు. పక్కన మరో ఇద్దరు లెక్చరర్లు. మొదటి రెండు పేజీలు ఎడమచేత్తో తిప్పి, "ఇది పాతదేనమ్మా, ఇంకేదైనా చూడు" అన్నారు. ఎందుకు పాతదన్నాను. "నీకే తెలియాలి" అన్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. అరటిపండు అయిపోకముందే నేను గది బయట ఉన్నాను. తర్వాత యూనివర్సిటీలో నేను రాయని ఆఫీసు లేదు. ఎక్కడా ఏమీ జరగలేదు. చదువు వదిలేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని సింగపూర్ వచ్చాను. పాయా లేబర్‌లో ఆఫీసు. తప్పులు పట్టడమే ఉద్యోగం. ఆ ముప్పై నాలుగు పేజీలు మాత్రం నాతోనే వచ్చాయి.

ఇదంతా చెప్పాక అప్పలస్వామి అంకుల్ అడిగినది ఒక్కటే. "ఇప్పుడు నీకేటి కావాలమ్మా?"

"అది కొత్తదని తేలాలి. ఆ మనిషి తప్పని తేలాలి."

"రెండూనా?"

"రెండూ ఒకటే కదా అంకుల్."

ఆయన దానికి జవాబివ్వలేదు. మర్నాడు ఆ పేజీలున్న నోటుబుక్కు తెమ్మన్నారు. మొదటి పేజీ, రెండో పేజీ చూశారు. అక్కడ ఆగి కాసేపు పెన్సిలు తలతో కణత గోక్కున్నారు. తర్వాత మూసేసి, "ఆదివారం రా" అన్నారు.

ఆయన పని పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. ఒకే లెక్కని ఇద్దరం విడివిడిగా చెయ్యాలి. ఆయన బల్ల దగ్గర, నేను కిటికీ దగ్గర, వీపులు తిప్పుకుని కూర్చునేవాళ్ళం. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. చేసిన కాగితాల్ని బట్టల క్లిప్పులతో దారానికి వేలాడదీయాలి. అయ్యాక ఒకరు తమ లెక్కలో ఒక్కో పదాన్నీ పైకి చదవాలి. రెండోవాళ్ళు తమ కాగితంలో అది ఉంటే "ఉన్నాది" అనాలి, లేకపోతే "లేదు" అనాలి. అంతకుమించి ఒక్క మాట కూడా కూడదు. వివరణ లేదు, వాదన లేదు. "లేదు" అన్నచోట ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఎవరిది తప్పో ముందే ఊహించకూడదు.

"ఇలా అయితే ఏళ్ళు పడుతుంది అంకుల్."

"నాకు రిటైరు అయిపోనాది లా. నీకేటి తొందర? మీ గైడు పారిపోతాడా?"

మాకు కావలసినది ఏమిటో కూడా ఆయనే తేల్చారు. పరిష్కారాన్ని వంద రకాలుగా రాయొచ్చు. రాసిన తీరు వేరైనంత మాత్రాన వస్తువు వేరు కాదు. అందుకని ఎవరు ఎక్కణ్ణించి చూసినా మారనిదాన్ని లెక్కకట్టాలి. ధూళితోపాటే తిరిగేవాడు తన పక్కనే కొలుచుకునే సాంద్రత అలాంటిది. అందులో ఒమేగా నిలబడితే అది కొత్త ధూళే. నేను వెంటనే ఒప్పుకున్నాను. నా ముప్పయ్యో పేజీలో అది నిలబడే ఉంది కదా.

మొదటి ఆరు ఆదివారాలు దారి పొడుగునా చిన్నచిన్న అడుగులు. ఆ ఆదివారాలు నా జీవితంలో మంచి రోజులని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అసహనంగా ఉండేది. లత, అంటే ఆయన కూతురు, స్కూల్లో టీచరు, మధ్యాహ్నం హాకర్ సెంటర్ నుంచి మకాన్, అంటే భోజనం, తెచ్చేది. మా వీపుల్ని చూసి, "అప్పా, యు టు ఫైట్ ఆల్రెడీ ఆ?" అనేది. తింటున్నంతసేపూ అంకుల్ తోటల కబుర్లు చెప్పేవారు, నేను మా గైడు కబుర్లు చెప్పేదాన్ని. ఒకసారి ఆ కాలంలో వెనక్కి పోయే దారుల గురించి మాట వచ్చింది.

"అటేపు పోతే నీకు లాభమేనమ్మా" అన్నారు నూడుల్స్ నములుతూ. "తిరిగి ఆ రోజుకే ఎల్తావు. ఈసారి ఏటీ అనకు. ఆ అరటిపండు లాక్కొని తినేసి వచ్చీ."

లత పొలమారేంత నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ సంగతి మీద నేను నవ్వడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళాక నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఏడో ఆదివారం సాంద్రత చేతికొచ్చింది. నేను చదివాను. మొదటి పదం. "ఉన్నాది." రెండో పదం. "ఉన్నాది." మూడోది ఒమేగా వర్గం ఉన్న పదం. దాన్ని కాస్త గట్టిగానే చదివాను.

"లేదు."

"ఒమేగా వర్గం, అంకుల్."

"లేదమ్మా."

మళ్ళీ మొదటినుంచి. ఎనిమిదో ఆదివారం కూడా అదే పదం దగ్గర అదే మాట. ఆయనకి వయసైపోయిందనీ, చూపు ఆనడం లేదనీ అనుకున్నాను. ఆ వారమంతా ట్రైన్‌లో నిలబడి కూడా ఆ లెక్కే చేశాను. గురువారం, ఆఫీసుకి ఇంకా మూడు స్టేషన్లు ఉన్నాయనగా, కనిపించింది. కాలాన్నీ కోణాన్నీ కలిపే మిశ్రమ పదాన్ని ఒకచోట రెండుసార్లు లెక్కించాలి. నేను ఒకేసారి లెక్కించాను. తెనాలి అమ్మాయిని, తప్పులు పట్టడం ఉద్యోగంగా ఉన్నదాన్ని, రెండేళ్ళు, ముప్పై నాలుగు పేజీలు. ఆ పదాన్ని సరిచేసేసరికి ఒమేగా ముక్కలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. దిగవలసిన స్టేషను దాటిపోయింది.

తొమ్మిదో ఆదివారం వెళ్ళి చదివాను. ఒమేగా లేకుండా చదివాను. ప్రతి పదానికీ "ఉన్నాది" అన్నారు. చివర, "అంతేనా?" అన్నారు. "అంతే" అన్నాను. అది పెద్దలు ఎప్పుడో రాసిన సాంద్రతే. అదే ధూళి.

"మరి ఆ ఒమేగా ఎక్కడిది? నా కొలతల్లో ఉందిగా. లెక్క తప్పు కాదుగా అది."

ఆయన తన పాత చక్రాల కుర్చీలో కాళ్ళతో నేలని తన్నుకుని మెల్లగా గిరగిరా తిరిగారు. "సూడు. టీవీ తిరగతన్నాది. కిటికీ తిరగతన్నాది. నువ్వూ తిరగతన్నావు. టీవీకి మోటారున్నాదని నాను పేపరు రాసేస్తానేటి? ఆ తిరగడం దుమ్ముది కాదమ్మా. నీది. నువ్వు తిరగతా కూకొని దుమ్ముని సూసినావు."

వంటింట్లోంచి లత కిసుక్కున నవ్వడం వినబడింది. మళ్ళీ ఒక గది, మళ్ళీ పక్కన ఒకరి నవ్వు. అప్పుడు అడగకూడని ప్రశ్న అడిగాను.

"మీకు ఇది ఎప్పుడు తెలిసింది అంకుల్?"

ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "నోటుబుక్కు తెచ్చిన రోజే. రెండో పేజీలోనే."

"తొమ్మిది ఆదివారాలు! ఒక్క మాట చెబితే సరిపోయేది కదా!"

"ఆ ఒక్క మాట మీ గైడు సెప్పినాడు కదమ్మా. సరిపోనాదా?"

నోటుబుక్కు తీసుకుని కిందికి వచ్చేశాను. నాలుగు నెలలు ఆయన గడప తొక్కలేదు. లిఫ్టులో ఎదురైతే అంకెల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ వారంలోనే టౌన్ కౌన్సిల్‌కి బట్టల నీళ్ళ గురించి నాలుగో ఉత్తరం రాశాను. ఆ రెండు నెలలూ నీళ్ళు పడుతూనే ఉన్నాయి, నేనే ఊరుకున్నాను. ఆ ఉత్తరం నకలు కూడా తలుపు కిందినుంచి తోశాను. మర్నాటినుంచి పై కిటికీకి వెదురు కర్రలు కనిపించలేదు. ఆయన ఇంట్లోనే కుర్చీల మీద బట్టలు ఆరేసుకుంటున్నారని, ఇల్లంతా చెమ్మవాసనగా ఉందని లత తర్వాత చెప్పింది. నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరగలేదు. నాకు న్యాయం జరిగిందనే అనుకున్నాను.

ఆ నాలుగు నెలల్లోనూ లెక్క మానలేదు. ఆయన తప్పు పట్టుకోవడమే పని. ముందు సాంద్రతని ఇంకో రెండు దారుల్లో చేశాను. రెండింట్లోనూ ఆయనదే ఒప్పు. అప్పుడు ఆయన సొంత కాగితాల మీద పడ్డాను. వాటి నకళ్ళు కొన్ని నా దగ్గర ఉండిపోయాయి. ఆయన కొత్తదేమీ వెతకడం లేదు. పాత ధూళి స్తంభాన్నే ఒక దూరం దగ్గర కోసి, బయట ఉన్న శూన్యంతో అతుకు కనబడకుండా అతకాలని ఏళ్ళ తరబడి కూర్చున్నారు. అదీ పెద్దలు చేసేసిన పనే. ఆ అతుకులో తప్పు దొరికింది. స్తంభం లావు ఒక హద్దు దాటాక బయటి సూత్రం రూపమే మారిపోతుంది. ఆయన సన్న స్తంభానికి పనికొచ్చే సూత్రాన్నే లావు స్తంభానికీ వాడేశారు. రెండు రాత్రుల పనికాదది, మూడు వారాలు పట్టింది. ఖాయం చేసుకున్నాక శనివారం పొద్దున్నే, పాయింట్లకి నంబర్లేసి, ఒక ఫిర్యాదులా తయారుచేసి పైకెక్కాను.

తలుపు తీసి నన్ను చూసి, "నీళ్ళు పడినాయేటమ్మా?" అన్నారు భయంగా.

"నీళ్ళు కాదు. మీ అతుకు తప్పు అంకుల్. హద్దు దాటాక అది పనికిరాదు."

ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలని నేను నిలబడ్డాను. నిజం ఒప్పుకుంటాను, అది చూడటానికే వెళ్ళాను. ఆ ముఖం పసివాడి ముఖంలా వెలిగింది.

"దొరికినాదా! ఎక్కడ? సెప్పకు, సెప్పకు! కూకో. అటు తిరుగు. ఇద్దరం సేద్దాం." కుర్చీల మీది తడి చొక్కాలు తీసి నేలమీద పడేశారు. మధ్యాహ్నానికి నేను చదివాను, ఆయన విన్నారు. ఆ చోటికి వచ్చేసరికి ఆయన "లేదు" అని, మరుక్షణం తొడ మీద చరుచుకుని, "ఉన్నాది! ఉండాల! నాదే తప్పు. సుడా, అయిపోనాది, ఆరేళ్ళ పని పోనాది" అంటూ పకపకా నవ్వారు. ఆరేళ్ళ పని పోతే నవ్విన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నాది రెండేళ్ళ పనే. ఆ పాత కాగితాలన్నీ దారం మీంచి తీసి, కొత్త కాగితం మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు రాసి, పక్కన "ఈమె పట్టుకున్నాది" అని లత చేత తెలుగులో రాయించారు.

"మీకు బాధ లేదా అంకుల్?"

"ఎందుకమ్మా? దుమ్ముకేటీ అవనేదు. ఎలగ తిరిగేదో అలగే తిరగతన్నాది."

తర్వాత అయిదేళ్ళు ఆదివారాలు అలాగే గడిచాయి. మేం కనుక్కున్నది ఏమీ లేదు. ఇతరులు కనుక్కున్నవాటిని మా చేతులతో మళ్ళీ చేశాం. కొత్తది కాదు కదా అని నేను సణిగితే, "నా సేత్తో సేసినప్పుడు నాకు కొత్తే" అనేవారు. నేను నా గైడు గురించి సణగడమూ మానలేదు. ఒకరోజు ఆయనే విసుగెత్తి, ఆ గైడుకే ఒక ఉత్తరం రాయమన్నారు.

"క్షమించానని రాయాలా? రాయను."

"ఎవలు సెమించమన్నారు? రెండు పాయింట్లు రాయి. ఒకటి, ఆయన సెప్పినది కరెక్టు. రెండు, ఎందుకు కరెక్టో ఆయన సూపించనేదు. రెండూ నిజమే కదా. రెండూ ఒకటి కాదు."

"రెండూ ఒకటే" అని మొదటి రోజు నేనన్న మాటకి జవాబు అన్నేళ్ళకి వచ్చిందని ఆ రాత్రికి గాని నాకు వెలగలేదు. రాశాను. నా ఉత్తరాలన్నిట్లోకీ చిన్నది అదే. మూడు వారాలకి గైడు జవాబు మెయిల్లో వచ్చింది. రెండే వాక్యాలు. ఆ విషయం ఆయనకి జ్ఞాపకం లేదట. నాకు శుభం కలగాలట.

ఫోను అంకుల్ చేతికిచ్చాను. ఆయన ఇంగ్లీషులో నెమ్మదిగా, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివారు. ఏదో వేళాకోళం చేస్తారని, చక్రాల కుర్చీలో గిర్రున తిరుగుతారని కాచుకున్నాను. ఆయన ఫోను బల్లమీద బోర్లా పెట్టారు.

"ఇది మాత్రం నీ తిరగడం కాదమ్మా" అన్నారు. "ఇది ఆయనదే."

నాకు జరిగినదాన్ని ఒకరు పరీక్షించి, ఉందని చెప్పడం అదే మొదటిసారి. అప్పటిదాకా నా కథ విన్నవాళ్ళలో సగంమంది అయ్యో పాపం అన్నారు, మిగతా సగంమంది ఇంకా ఎన్నాళ్ళు అన్నారు. లెక్క చేసి చూసినవాళ్ళు లేరు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, అలవాటుగా ఆయనకి వీపు తిప్పి నిలబడ్డాను. ఏడ్చింది ఆయన చూడలేదు. చూసినా నియమం ప్రకారం ఏమీ అనరు.

ఆయన గుండెజబ్బుతో పోయారు. చివరి ఆదివారం మేం పని చెయ్యలేదు, ఆస్పత్రిలో లత ఫోనులో క్రికెట్ చూశాం. ఆ తర్వాతి నెల లత ఆ ఫ్లాట్ ఖాళీ చేసి, కాగితాలన్నీ నాకే ఇచ్చింది. వాటితో ఏం చెయ్యాలో నాకు తెలియదు. అందులో లోకానికి కొత్తది ఏదీ లేదు.

నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. నాకు ఇప్పటికీ ఏదీ మరుపు రాదు. కాకపోతే ఒక కోపం రాగానే కూర్చుని చూస్తాను. ఇందులో వాళ్ళది ఎంత, నేను తిరుగుతూ చూడటంవల్ల వచ్చినది ఎంత? ఎవరు చూసినా మారనిది ఏదైనా మిగులుతుందా? చాలావాటిలో ఏమీ మిగలడం లేదు. లత ఆ రోజు నవ్వింది నన్ను చూసి కాదు, తండ్రి కుర్చీలో తిరగడం చూసి. అది ఒక్క నిమిషంలో సున్నా అయింది. పనిలోనూ, కుటుంబంలోనూ పదిలంగా దాచుకున్నవి ఎన్నో అలాగే పోయాయి. కొన్ని పోలేదు. మా గైడు రెండు పేజీలే తిప్పారు, ఎందుకో చెప్పలేదు, మరిచిపోయారు. దాన్ని ఎటునుంచి చేసినా అంతే వస్తుంది. అది ఉంది. దాన్ని ఉందనే ఒప్పుకుంటాను, పెంచను.

అప్పలస్వామి అంకుల్ మీద కూడా నాకొకటి ఉంది. మొదటి రోజే తెలిసీ తొమ్మిది ఆదివారాలు నోరు మెదపలేదు. కనీసం మూడో ఆదివారానికైనా చెప్పి ఉండవలసింది. ఆయన ఎందుకు చెప్పలేదో నాకిప్పుడు తెలుసు. ఆయన చేసింది సరైనదని కూడా తెలుసు. అయినా ఎన్ని దారుల్లో చేసి చూసినా ఈ ఒక్కటీ సున్నా కావడం లేదు. ఇందులో నాది ఎంతో, ఆయనది ఎంతో తేల్చడానికి రెండోవైపు కూర్చుని ఉన్నాదో లేదో చెప్పే మనిషి లేరు. అందుకని దీన్ని కొట్టెయ్యకుండా, తేల్చకుండా, అలాగే ఉంచుకున్నాను.